నడక సంగతి తర్వాత, ముందు నీ వీపు చూపించు

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది తమ్ముడూ. సెంట్రింగ్ పనిలో రెండో అంతస్తు మీది నుంచి పడ్డావని, వెన్నెముకలో టి12 దగ్గర, అంటే ఛాతీ వెనక పూసల్లో ఆఖరిదాని దగ్గర, ఎముక నలిగిందని, రాడ్లు వేసి ఇంటికి పంపారని చెప్పింది. "వాడు నడుస్తాడా బిడ్డా?" అని అడిగింది. నేను దానికి జవాబు చెప్పకుండా, "అమ్మా, పిరుదుల మధ్య తోక ఎముక దగ్గర చర్మం ఏ రంగులో ఉంది?" అన్నా. ఆమెకు కోపం వచ్చినట్టుంది, ఫోన్ పెట్టేసింది. తప్పు నాదే. ఏడుస్తున్న తల్లిని అడగాల్సిన మొదటి మాట అది కాదు. కానీ మా ఇంట్లో ఆ మాట అడిగేవాళ్ళు లేకే నాకు ఏడాది పోయింది. అందుకే నీకు రాస్తున్నా. మీ అమ్మకు చదివి వినిపించు, కొన్ని చోట్ల సిగ్గేస్తుంది, అయినా వినిపించు.

నాది తాటిచెట్టు. 2017 ఏప్రిల్, కల్లు మంచి ఊపు మీదున్న రోజులు. నాయినకు జ్వరమొస్తే నేను ఎక్కా. డిగ్రీ రెండో సంవత్సరం, ఇరవై ఏళ్ళు, ఒంట్లో భయం లేదు. మోకు జారింది. ఇప్పుడంటే కాటమయ్య రక్షణ కవచం పేరుతో 2024 నుంచి గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇస్తున్నారు గానీ, అప్పుడు మాకున్నది మోకు, ముత్తాదు, దేవుడు. కింద పడ్డ నన్ను నలుగురు కాళ్ళూ చేతులూ పట్టి లేపి ఆటో వెనక సీట్లో మడతేసి తీసుకుపోయారు. ప్రేమతోనే చేశారు. ఇది చదివే మిగతావాళ్ళు గుర్తుపెట్టుకోండి: ఎత్తు నుంచి పడ్డ మనిషిని అట్లా లేపొద్దు. 108కి ఫోన్ చేసి, తల, మెడ కదలకుండా పట్టుకుని కూర్చోవాలి. కదపక తప్పకపోతే ముగ్గురు నలుగురు కలిసి మనిషిని దుంగలా ఒకేసారి తిప్పి చెక్క మీదికి చేర్చాలి. నాకు టి10 దగ్గర పోయింది. బొడ్డు నుంచి కిందికి గిచ్చినా తెలియదు.

నడుస్తానా?

దీనికి ఫోన్‌లో నేను జవాబు చెప్పలేను, ఎమ్మారై చూసి కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. డాక్టర్ ఒళ్ళంతా గుండుసూదితో, దూదితో తాకి చూస్తాడు. చివరికి మలద్వారం దగ్గర కూడా తాకి, వేలు పెట్టి "బిగించు" అంటాడు. అక్కడికొచ్చే నరాలు వెన్నుపాములో అన్నిటికంటే కింద ఉంటాయి. అక్కడ కాస్త స్పర్శ గానీ బిగింపు గానీ మిగిలుంటే దెబ్బ పాక్షికం, ఏమీ లేకపోతే పూర్తి. ఇంగ్లిష్ A నుంచి E దాకా గ్రేడు రాస్తారు. నాది A, అంటే పూర్తి. పాక్షికమైతే తిరిగొచ్చే అవకాశం బాగా ఎక్కువ. వచ్చేదాంట్లో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల నుంచి ఏడాది లోపు వస్తుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. నీ డిశ్చార్జి షీట్‌లో ఆ గ్రేడు ఉందో లేదో చూడు. లేకపోతే అడిగి రాయించుకో.

ఆ ఏడాదంతా నేను కాళ్ళ వంక చూస్తూ కూర్చున్నా. బొటనవేలు కదులుతుందేమోనని రోజుకు నూరుసార్లు చూసేవాణ్ణి. వెనక ఏం జరుగుతోందో చూడలేదు. పుండు పడితే కూర్చోలేవు, కూర్చోలేకపోతే ఫిజియో ఉండదు, ఫిజియో లేకపోతే వచ్చే కాళ్ళు కూడా బిగుసుకుపోతాయి. నేను పుండు మానడానికి బోర్లా పడుకున్న అయిదు నెలలూ ఆ మొదటి ఏడాదిలోవే.

వీపు, పిరుదులు, మడమలు

మొదట కనబడింది రూపాయి బిళ్ళంత మచ్చ. అమ్మ చూసి "చెమట పొక్కు" అనుకుని కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దింది. రుద్దకూడదు. లోపల నలిగిన కండ రుద్దితే ఇంకా చితుకుతుంది. పది రోజులకు వాసన మొదలైంది. పైన చిన్న రంధ్రమే, లోపల పిడికిలి పట్టేంత గుంత. నాకు నొప్పి లేదు కదా, ఎవరికి తెలుస్తుంది? ఆపరేషన్ చేసి పక్కనున్న కండను తిప్పి కప్పారు.

పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి తిప్పాలి. ఎడమ పక్కకు, వెల్లకిలా, కుడి పక్కకు. రాత్రి కూడా. మీ అమ్మ ఒక్కతే చేస్తే పది రోజుల్లో ఆమె మంచాన పడుతుంది, కాబట్టి ఇంట్లో వంతులు వేసుకోండి. మా ఇంట్లో పన్నెండింటికి నాయిన, రెండింటికి అమ్మ, నాలుగింటికి చెల్లి. మోకాళ్ళ మధ్య ఒక దిండు. పిక్కల కింద ఇంకో దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి, పరుపుకు తగలవు. గాలి పరుపు కొన్నాం కదా, తిప్పకపోయినా ఫరవాలేదు అనుకోకండి. అది తిప్పడానికి సాయమే గానీ బదులు కాదు. నులక మంచం మాత్రం అస్సలు వద్దు.

పొద్దున, రాత్రి చర్మం చూసుకోవాలి. చేతిలో పట్టుకునే అద్దం చాలు, లేదా ఫోన్‌తో ఫొటో తీయించుకో. ఆసుపత్రి కాగితాల్లో "ఎర్రబడితే జాగ్రత్త" అని రాసి ఉంటుంది. మన రంగుకు ఎరుపు అంత తేలిగ్గా కనబడదు తమ్ముడూ. చుట్టుపక్కల కంటే నల్లగా, ఊదాగా ఉందా, చేతి వెనక వైపుతో తాకితే వేడిగా ఉందా, గట్టిపడిందా అని చూడాలి. మచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదులు. రంగు పాలిపోయి మళ్ళీ వస్తే ఇంకా సమయం ఉంది. ఎంత నొక్కినా రంగు మారకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. రెండింటిలో ఏదైనా సరే, ఆ మచ్చ పోయేదాకా దాని మీద బరువు పడొద్దు. పెళ్ళయినా, పరీక్షయినా. చర్మం చిట్లిందంటే డాక్టర్‌కు చూపించాల్సిందే.

కూర్చోవడం మొదలయ్యాక పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ముందుకు వంగి, ఛాతీ తొడల మీద ఆనించి, రెండు నిమిషాలు అట్లా ఉండాలి. ఫోన్‌లో అలారం పెట్టు. నేను డిగ్రీ పరీక్ష కూడా అట్లా వంగి లేస్తూనే రాశా. ఇన్విజిలేటర్ కాపీ కొడుతున్నానేమో అని రెండుసార్లు వచ్చి చూశాడు. మెడికల్ షాపులో ట్యూబులా గుండ్రంగా, మధ్యలో బొక్క ఉన్న రబ్బరు రింగు అమ్ముతారు, అది కొనకండి. చుట్టూ ఒత్తి రక్తం ఆపేస్తుంది. వీల్‌చైర్ సీటుకు సరిపోయే జెల్ కుషన్ గానీ గాలి కుషన్ గానీ తీసుకోవాలి. కుషన్ దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు.

ఇంకొకటి, వేడి. మా మేనమామ పెళ్ళిలో బిర్యానీ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని తృప్తిగా తిన్నా. రాత్రి ప్యాంటు తీస్తే తొడ మీద ప్లేటు అంచు గీసినట్టు గుండ్రంగా బొబ్బ. స్నానం నీళ్ళు మోచేత్తో చూసుకో. కాపడం, ఇసుక మూట, వేడి నూనె అంటూ ఎవరొచ్చినా చేతులు జోడించి పంపించు. ఎండలో కాగిన గచ్చు మీద, బండి సైలెన్సర్ దగ్గర జాగ్రత్త.

మూత్రం

నీకిప్పుడు పైపు, సంచీ ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. మొదట్లో అది తప్పదు. అట్లానే సంవత్సరాలు ఉంచేసుకుంటే ఇన్‌ఫెక్షన్లు, రాళ్ళు. అది తీసేసి, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి నువ్వే సన్న గొట్టం (క్యాథెటర్) పెట్టి ఖాళీ చేసుకుని తీసేసే పద్ధతి ఉంది. నీకు అది సరిపోతుందా అని డాక్టర్‌ను అడుగు. చేతులు బాగున్నవాళ్ళలో చాలామందికి కుదురుతుంది.

నేను నేర్చుకుంది వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో. నర్సు మగాయన, తమిళం కలిపిన తెలుగు. సబ్బుతో చేతులు కడిగించాడు, ముందు కడిగించాడు, క్యాథెటర్‌కు జెల్లీ రాయించాడు. "పైకి లేపి పట్టు, నిదానంగా తొయ్యి, ఆగితే గట్టిగా తొయ్యొద్దు, గాలి పీల్చి వదులు, మళ్ళీ" అన్నాడు. నా చెయ్యి వణుకుతోంది. పక్క మంచం మీద ఒరిస్సా అబ్బాయి మర్యాదగా గోడ వైపు తిరిగాడు. జగ్గులోకి ధార పడిన చప్పుడు వినగానే ఏడుపొచ్చింది. ఏడు నెలల్లో నా ఒంటితో నేను చేసుకున్న మొదటి పని అది. నర్సు జగ్గు ఎత్తి చూసి, "మూణ్ణూట యాభై, బాగుంది" అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఒక్కసారికి నాలుగు, అయిదు వందల మిల్లీలీటర్లు దాటకుండా చూసుకో. దాటుతోందంటే వేళలు దగ్గర చెయ్యి, లేదా నీళ్ళు ఒకేసారి తాగకుండా రోజంతా సర్దుకో. లోపల మూత్రాశయం నిండిపోతే ఒత్తిడి వెనక్కి, కిడ్నీల మీదికి పోతుంది. నాకు ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్ళు, రాత్రి ఎనిమిది తర్వాత తగ్గిస్తా. క్యాథెటర్ ప్యాకెట్ మీద ఒకసారి వాడి పారేయమని ఉంటుంది. మనలాంటి ఇళ్ళలో రోజుకు అయిదు కొనడం కుదరదు. సబ్బు నీళ్ళతో లోపలా బయటా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పెట్టుకోవడం నాకు నేర్పారు. ఎన్ని రోజులకు మార్చాలో నీ డాక్టర్ చెప్పినట్టు చెయ్యి.

చలి జ్వరం వచ్చి మూత్రం చిక్కగా, వాసనగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి. జ్వరం లేదు, ఒళ్ళు బాగుంది, టెస్టులో మాత్రం బ్యాక్టీరియా కనిపించిందంటే ప్రతిసారీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఊరికే మింగితే నిజంగా అవసరమైనప్పుడు అది పనిచేయదు. ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ టెస్టు చేయించు. నేను గౌడుల ఇంట పుట్టి కూడా పొద్దుటి కల్లు మానేశా. పాపం కల్లుదేం తప్పు లేదు, రెండు గ్లాసులు పడితే నా టైంటేబుల్ అంతా తారుమారు.

మోషన్

దీని గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే మనలాంటివాళ్ళు బయటికి వెళ్ళడం మానేస్తారు. రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఒకే వేళ పెట్టుకో. తిన్నాక పేగు తనంతట కదులుతుంది కాబట్టి టిఫిన్ తర్వాత అరగంటకు మంచిది. దెబ్బ నాలా కొంచెం పైన ఉంటే మలద్వారంలో పెట్టే గోలీ (సపోజిటరీ) పైకి పెట్టి, గ్లవ్ వేసుకుని జెల్లీ రాసిన వేలితో గుండ్రంగా తిప్పితే పేగు స్పందించి వదిలేస్తుంది. వెన్నుపాము చివర దెబ్బ తగిలినవాళ్ళకు ఆ స్పందన ఉండదు, రోజూ వేలితోనే తియ్యాలి. టి12 ఎముక దగ్గర దెబ్బకు రెండూ జరగొచ్చు, నీది ఏదో పరీక్ష చేసి చెబుతారు. గోళ్ళు కత్తిరించుకో. కొత్తలో గంట పట్టేది, ఇప్పుడు ఇరవై అయిదు నిమిషాలు. అమ్మ చేత ఈ పని చేయించుకున్న రోజులు నాకు గుర్తున్నాయి, అమ్మకూ గుర్తున్నాయి, మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నీకు చేతులు బాగున్నాయి కాబట్టి ముందుగా నేర్చుకోవాల్సింది ఇదే అంటా.

కాళ్ళు ఎగరడం, మూడున్నర లక్షలు ఎగిరిపోవడం

రెండో నెలలో ఒక రాత్రి నా కుడికాలు తటాలున ముడుచుకుంది. నాయిన పరుగెత్తి వెళ్ళి పొద్దున్నే మా గౌడుల దేవుడు కాటమయ్య దగ్గర కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. ఊరంతా వచ్చి చూసింది. అది మెదడు చెబితే కదిలిన కదలిక కాదు, వెన్నుపాము దానంతట అది తన్నిన తన్ను. స్పాజం అంటారు. నీకు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే రోజూ కీళ్ళన్నీ మెల్లగా పూర్తిగా వంచి చాపడం, ఎక్కువైతే డాక్టర్ రాసే బాక్లోఫెన్. ఆ మాత్ర మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి. ఉన్నట్టుండి స్పాజం బాగా పెరిగిందంటే ఎక్కడో ఏదో ఉంది: మూత్రంలో ఇన్‌ఫెక్షనో, పుండో, కాలి వేలి గోరు లోపలికి పెరగడమో. నొప్పి తెలియని ఒంటికి అది కాలింగ్ బెల్.

ఒక కాలు మాత్రం వాచి, వేడెక్కితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మాలిష్ చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మెడ దగ్గర, ఛాతీ పైభాగాన టి6, అంతకు పైన దెబ్బ తగిలినవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమట, బీపీ పైకి పోతుంది. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, పైపు మడతపడిందా, మూత్రం నిండిందా, మోషన్ అడ్డుపడిందా చూడాలి. తగ్గకపోతే 108. నీకూ నాకూ ఇది రాదు.

ఆ కొబ్బరికాయ ఆశతోనే మేం ఒక క్లినిక్‌కు పోయాం. స్టెమ్ సెల్స్ (మూల కణాలు) ఎక్కిస్తే ఆరు నెలల్లో నడుస్తాడన్నారు. నడిచిన వాళ్ళ వీడియోలు చూపించారు. మూడున్నర లక్షలు, అరెకరం అమ్మాం. నాలుగు ఇంజెక్షన్లు, నడుంలో నాలుగు చుక్కలు. ఏమీ కాలేదు. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో రాసే ఉంది: రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్ మామూలు వైద్యం కాదు, మిగతావన్నీ అనుమతి ఉన్న ప్రయోగాల్లోనే చెయ్యాలి. అట్లాంటి ప్రయోగంలో చేరడానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా రేటు చెప్పారంటే లేచి వచ్చెయ్.

ఆ డబ్బు ముందే వెల్లూరు వెళ్ళడానికి పెట్టి ఉంటే పుండే పడేది కాదు. కాట్పాడి స్టేషన్‌లో దిగాలి. సీఎంసీ వాళ్ళ పునరావాస కేంద్రం బాగాయంలో, 1966 నుంచి ఉంది. దాని వెనక డాక్టర్ మేరీ వర్గీస్ ఉంది. 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడితే, తను వీల్‌చైర్‌లో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన సర్జన్. రోగితోపాటు ఇంటి మనిషి ఒకరు ఉండి అన్నీ నేర్చుకోవాలి. మేం రెండున్నర నెలలున్నాం. అంతదూరం కుదరకపోతే దగ్గరి పెద్దాసుపత్రిలో పీఎంఆర్ విభాగం ఉందా అని అడగండి, అంటే ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్. "వెన్ను ఆపరేషన్ అయిపోయింది కదా" అని ఇంటికి పంపడంతోనే మనవాళ్ళ కథ చెడుతుంది.

గడప

వీల్‌చైర్ ఎవరో ఇచ్చారని సైజు చూడకుండా కూర్చోకు. తుంటి వెడల్పుకు రెండు పక్కలా కలిపి అంగుళం, రెండంగుళాలు మించకూడదు. వదులైతే ఒరిగిపోయి వెన్ను వంకరపోతుంది. కుర్చీ చేతులు తియ్యగలిగే రకమైతే మంచం మీదికి జరగడం తేలిక. మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు కళ్ళు తిరుగుతాయి, భయపడకండి. కుర్చీని వెనక్కి వంచి కాళ్ళు పైకి లేపితే తగ్గుతుంది. రోజూ కొంచెం కొంచెం పెంచాలి.

మా ఇంటి గడప అయిదంగుళాలు. తీసేద్దామని నాయిన అంటే అమ్మ ఒప్పుకోలేదు. లక్ష్మి కూర్చునే చోటు అంది. రెండు వారాలు ఇంట్లో అదే గొడవ, నేను లోపలే. చివరికి మేస్త్రీ గడప అట్లానే ఉంచి రెండు పక్కలా సిమెంటు వాలు పోశాడు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు, అది లెక్క. మాకు లోపల అయిదడుగులు కుదరక మూడే పోశారు, అందుకే దిగేటప్పుడు ఇప్పటికీ జోరుగా వస్తా. శుక్రవారం అమ్మ ఆ వాలు మధ్యలో మిగిలిన గీతకే పసుపు రాసి బొట్లు పెడుతుంది. నా చక్రాలకు ఎప్పుడూ పసుపే.

కాగితాల పని మీ అన్నకు అప్పజెప్పు. మీసేవలో అడిగి వైకల్య నిర్ధారణ పరీక్షకు (సదరం అనేవారు) పోవాలి, యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు వస్తుంది. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత చదువుల్లో 5 శాతం రిజర్వేషన్. మన తెలంగాణలో పింఛన్ 2023లో 4,016 చేశారు. ఆంధ్రాలో ఉన్న మీ చిన్నమ్మ వాళ్ళ ఊళ్ళో అయితే, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్ళకు 2024లో 15,000 చేశారు. వీల్‌చైర్లు, మూడు చక్రాల బండ్లు కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో క్యాంపుల్లో ఇస్తారు, కలెక్టరేట్‌లో అడిగితే తేదీ చెబుతారు.

నువ్వు అడగలేదు గానీ అడగాలనుకునేది ఒకటుంటుంది. పెళ్ళి, పిల్లలు. దానికీ మందులున్నాయి, దారులున్నాయి, పీఎంఆర్ డాక్టర్‌ను ఒంటరిగా కలిసి అడుగు. అమ్మాయిలకైతే ఆగిన నెలసరి కొన్ని నెలలకు మళ్ళీ మొదలవుతుంది, పిల్లల్ని కనగలరు. నా సంగతి ఇంకోసారి చెబుతా.

ఈ ఆదివారం సైడ్ వీల్స్ పెట్టించుకున్న నా స్కూటర్ మీద వస్తున్నా. అప్పటికి మీ అన్నతో బాత్రూమ్ తలుపు వెడల్పు టేపుతో కొలిపించు. ఇరవై ఎనిమిది అంగుళాల కంటే తక్కువుంటే మేస్త్రీని కూడా పిలిచి ఉంచమను. చేతి అద్దం నేను తెస్తా. మీ అమ్మకు ఒక మాట చెప్పు, ఈసారి వచ్చాక ముందు టీ తాగుతా, ఆ తర్వాతే అడుగుతా.